రెండు మూడు మానిటర్ల మీద గేమ్: డెవలపర్లు సపోర్ట్ ఇవ్వాలా వద్దా? తరచుగా అడిగే ప్రశ్నలు

‘మల్టీ మానిటర్ సపోర్ట్’ అంటే అసలు ఏమిటి?

సగం గొడవ ఈ మాట దగ్గరే మొదలవుతుంది. ఒకే మాటని ముగ్గురు మూడు అర్థాల్లో వాడతారు. ప్లేయర్ అడిగేది ఒకటి, డెవలపర్‌కి వినపడేది ఇంకొకటి.

మొదటి రకం: గేమ్ ఒక మానిటర్‌లోనే ఆడతారు, పక్కన ఇంకో మానిటర్ ఉంటుంది, అందులో చాట్ గానీ బ్రౌజర్ గానీ స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్ గానీ తెరిచి ఉంటుంది. వీళ్లు గేమ్‌ని కొత్తగా ఏమీ అడగట్లేదు, పక్క మానిటర్ ఉన్నందుకు గేమ్ చెడిపోకుండా ఉంటే చాలు. రెండో రకం: మూడు మానిటర్లని పక్కపక్కన పెట్టి, గేమ్ దృశ్యం మొత్తాన్ని వాటి మీద పరిచి ఆడేవాళ్లు. కార్ రేసింగ్, ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడేవాళ్లలో వీళ్లు ఎక్కువ. మూడో రకం: మెయిన్ స్క్రీన్‌లో ఆట, రెండో స్క్రీన్‌లో ఆ ఆటకే చెందిన మ్యాప్, ఇన్వెంటరీ, డయల్స్ లాంటివి విడిగా కావాలనేవాళ్లు.

ఈ మూడింటికీ పట్టే పని వేరు, ఖర్చు వేరు, అడిగేవాళ్ల సంఖ్య వేరు. అన్నిటినీ ఒకే గాటన కట్టేసి ‘అది మాకు కుదరదు’ అంటే, రెండు రోజుల్లో అయిపోయే పని కూడా ఆ మాటలోనే కొట్టుకుపోతుంది.

సరే, సూటిగా చెప్పండి. ఇవ్వాలా వద్దా?

మొదటి రకానికి ప్రతి పీసీ గేమ్ ఇవ్వాల్సిందే, ఇందులో బేరం లేదు. రెండో రకంలో, గేమ్ త్రీడీ అయితే వెడల్పు స్క్రీన్‌కి అడ్డుపడకుండా ఉండటం వరకు అందరూ చేయాలి. మూడు మానిటర్లకీ గేమ్ లోపల మూడు కెమెరాలు (చూపు కోణాలు) పెట్టి పక్కాగా గీయడం మాత్రం కాక్‌పిట్‌లో కూర్చుని ఆడే గేములు చేస్తే చాలు. మూడో రకం మీ గేమ్ స్వభావాన్ని బట్టి ఉంటుంది, మ్యాప్ చూడటమే సగం ఆట అయితే ఆలోచించండి, లేకపోతే వదిలేయండి.

నేను అడిగేది ప్రత్యేక మర్యాదలు కాదు. డబ్బు పెట్టి కొనుక్కున్న స్క్రీన్‌కి గేమే అడ్డు తగలకూడదు, అంతే.

వందలో ఒక్కరు కూడా మూడు మానిటర్లతో ఆడరు కదా, వాళ్ల కోసం అంత పని ఎందుకు?

మూడు మానిటర్ల మీద పరిచి ఆడేవాళ్లు తక్కువే, ఒప్పుకుంటాను. కానీ రెండు మానిటర్లు పెట్టుకున్నవాళ్లు తక్కువ కాదు. ఇంట్లోంచి ఆఫీస్ పని చేసుకునేవాళ్లు, ప్రోగ్రామర్లు, వీడియో ఎడిటర్లు, స్ట్రీమింగ్ చేసేవాళ్లు, వీళ్లందరి టేబుల్ మీదా రెండో మానిటర్ ఉంటుంది. పీసీ గేములు అమ్మే స్టీమ్ ప్రచురించే హార్డ్‌వేర్ సర్వేలో మల్టీ మానిటర్ డెస్క్‌టాప్ రిజల్యూషన్లకి విడిగా ఒక పట్టికే ఉంది. అందులో ఏళ్లుగా పైన కనిపించేది 3840×1080, అంటే రెండు మామూలు 1080పీ మానిటర్లు పక్కపక్కన. పని అయ్యాక అదే కుర్చీలో, అదే టేబుల్ దగ్గర గేమ్ తెరుస్తారు. రెండో మానిటర్‌ని ఎవరూ పీకి పక్కన పెట్టరు.

పైగా వెడల్పు సపోర్ట్ అనేది మూడు మానిటర్లవాళ్లకి మాత్రమే పనికొచ్చేది కాదు. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 21:9, 32:9 ఉండే అల్ట్రావైడ్ మానిటర్లు కొన్నవాళ్లకీ అదే కోడ్ పని చేస్తుంది. 16:10 ల్యాప్‌టాప్‌లు, స్టీమ్ డెక్ లాంటి చేతిలో పట్టుకునే పరికరాలు కూడా మామూలు 16:9 కావు కదా. స్క్రీన్ ఆకారం ఏదైనా సరే గేమ్ సర్దుకునేలా ఒక్కసారి రాసిపెట్టుకుంటే ఇవన్నీ ఒకే దెబ్బకి తీరిపోతాయి.

మౌస్ పక్క స్క్రీన్‌లోకి జారిపోవడం అంత పెద్ద సమస్యా?

నాకు జరిగింది చెప్తాను. స్ట్రాటజీ గేమ్ ఒకటి, పేరు అనవసరం. అందులో మౌస్‌ని స్క్రీన్ అంచుకి తోస్తే మ్యాప్ ఆ వైపు జరుగుతుంది. నలభై నిమిషాలుగా సాగుతున్న మ్యాచ్. కుడి పక్కనుంచి దాడి వస్తోందని చప్పుడు వినపడింది, మౌస్‌ని కుడికి తోశాను. మ్యాప్ జరగలేదు, మౌస్ బాణం నేరుగా రెండో మానిటర్‌లోకి వెళ్లిపోయింది. అది నేను చూసుకోలేదు. అలవాటుగా రెండుసార్లు క్లిక్ చేశాను, ఆ క్లిక్ పడింది బ్రౌజర్ మీద. వెంటనే గేమ్ మినిమైజ్ అయిపోయి డెస్క్‌టాప్ కనిపించింది. టాస్క్‌బార్‌లో ఐకాన్ నొక్కితే స్క్రీన్ నల్లబడి, రిజల్యూషన్ మారి, గేమ్ మళ్లీ వచ్చేసరికి నా సైన్యంలో మిగిలింది రెండు ట్రక్కులు. ఎదుటి మనిషి బాగా ఆడి గెలిచి ఉంటే ఏ బాధా లేదు. నన్ను ఓడించింది మాత్రం కర్సర్‌ని విండోలో ఆపకపోవడమే.

దీన్ని ఆపడానికి విండోస్‌లో క్లిప్‌కర్సర్ అనే ఫంక్షన్ దశాబ్దాలుగా ఉంది. యూనిటీ గేమ్ ఇంజిన్‌లో అయితే కర్సర్ లాక్ మోడ్‌ని ‘కన్‌ఫైన్డ్’ అని పెడితే చాలు. కాకపోతే ఒక జాగ్రత్త: ప్లేయర్ ఆల్ట్ ట్యాబ్ కొట్టి బయటికి వెళ్లినప్పుడు లాక్ వదిలేయాలి, తిరిగి గేమ్‌లోకి వచ్చాక మళ్లీ వేయాలి. చాలా గేములు మొదటిసారి లాక్ వేస్తాయి, తిరిగొచ్చాక వేయడం మర్చిపోతాయి. టెస్టింగ్‌లో ఈ ఒక్కటీ తప్పకుండా చూడండి.

మొదటి రకం సపోర్ట్‌లో ఇంకా ఏమేం ఉండాలి?

ఏ మానిటర్‌లో ఆడాలో సెట్టింగ్స్‌లో ఎంచుకునే వీలు ఉండాలి. ఆ ఎంపికని గేమ్ గుర్తుపెట్టుకోవాలి, అది కూడా ‘రెండో నంబర్ మానిటర్’ అని కాకుండా ఆ మానిటర్‌ని గుర్తుపట్టే వివరాలతో, ఎందుకంటే కేబుల్ ఒకటి తీసి పెడితే నంబర్లు తారుమారు అవుతాయి. గుర్తుపెట్టుకున్న మానిటర్ ఇప్పుడు లేకపోతే మెయిన్ మానిటర్‌లోకి రావాలి. ఆఫీస్‌లో ల్యాప్‌టాప్‌కి మానిటర్ తగిలించి ఆడి, ఇంటికొచ్చి తెరిస్తే గేమ్ విండో ఎక్కడో కనపడని చోట తెరుచుకుని, శబ్దం మాత్రం వినపడుతుంటే మనిషికి పిచ్చెక్కుతుంది. మొదలయ్యేటప్పుడు విండో స్థానం ఏదో ఒక స్క్రీన్ లోపల ఉందో లేదో చూసే నాలుగు లైన్ల కోడ్ ఉంటే ఈ తలనొప్పి ఉండదు.

బోర్డర్‌లెస్ మోడ్ ఉండాలి. పాత పద్ధతి ఎక్స్‌క్లూజివ్ ఫుల్‌స్క్రీన్‌లో గేమ్ ఆ మానిటర్‌ని పూర్తిగా తన గుప్పిట్లోకి తీసుకుంటుంది, పక్క స్క్రీన్‌లో క్లిక్ చేస్తే చాలు మినిమైజ్ అయిపోతుంది. బోర్డర్‌లెస్‌లో గేమ్ అంచులు లేని విండోలా ఉంటుంది కాబట్టి పక్కన ఏం చేసినా గేమ్ స్క్రీన్ మీదే ఉంటుంది. ఎస్‌డీఎల్ లైబ్రరీ వాడేవాళ్లకి, ఫోకస్ పోయినా, అంటే ప్లేయర్ ఇంకో విండోలో క్లిక్ చేసినా, మినిమైజ్ కావద్దని చెప్పే సెట్టింగ్ అందులోనే ఉంది.

ఫోకస్ పోయినప్పుడు గేమ్ ఆగాలా, శబ్దం ఆగాలా అన్నది ప్లేయర్ ఇష్టానికి వదిలేయండి. రెండో స్క్రీన్‌లో గైడ్ చదువుతూ చేతిలో కంట్రోలర్‌తో ఆడేవాళ్లు ఉన్నారు. ఇంకో పని చేసుకుంటూ గేమ్‌లో ఫ్యాక్టరీ నడవనిచ్చేవాళ్లూ ఉన్నారు. వీళ్లకి ఒక చెక్‌బాక్స్ చాలు.

ఒక్కో మానిటర్‌కి ఒక్కో స్కేలింగ్ (అక్షరాలు, బటన్ల సైజు పెంచే శాతం) ఉండొచ్చని కూడా మర్చిపోవద్దు. 4కే మానిటర్ 150 శాతంలో, పక్కన 1080పీ మానిటర్ 100 శాతంలో ఉంటే, ఆ తేడా తెలియని గేముల్లో క్లిక్ ఒక చోట, బటన్ ఇంకో చోట అవుతుంది.

మూడు మానిటర్ల మీద పరిచినప్పుడు పక్క స్క్రీన్లలో బొమ్మ ఎందుకు అలా సాగిపోతుంది?

ఇది లెక్క వల్ల వచ్చేది, డెవలపర్ బద్ధకం వల్ల కాదు. కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా వాదనలు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

మామూలు త్రీడీ గేమ్ ప్రపంచాన్ని ఒక చదునైన గాజు పలక మీద గీస్తున్నట్టు గీస్తుంది. మీ కంటి ముందు కిటికీ అద్దం పెట్టి, అవతల కనిపించేదాన్ని దాని మీద స్కెచ్ పెన్‌తో గీసినట్టు అనుకోండి. ఎదురుగా ఉన్నవి బాగానే వస్తాయి. పక్కకి పోయేకొద్దీ చూపు గాజుని ఏటవాలుగా తాకుతుంది, అందుకని ఒక్కో డిగ్రీకి గాజు మీద పట్టే చోటు పెరిగిపోతూ ఉంటుంది.

16:9 మానిటర్‌లో 90 డిగ్రీల ఎఫ్‌ఓవీ, అంటే అడ్డంగా 90 డిగ్రీల మేర చూపు పెట్టుకున్నారనుకోండి. నిలువు ఎఫ్‌ఓవీని అలాగే ఉంచి ఇంకో రెండు మానిటర్లు కలిపితే అడ్డం చూపు 270 డిగ్రీలు కాదు, 180 కూడా కాదు, దాదాపు 143 డిగ్రీలు అవుతుంది. రెండు మానిటర్లు అదనంగా తెచ్చింది 53 డిగ్రీలే, మరి ఆ స్థలమంతా ఏమైంది? సాగదీతకి పోయింది. నడిమి మానిటర్ అంచు దగ్గర ఒక్కో డిగ్రీ, మధ్యలో కంటే 2 రెట్లు వెడల్పు తీసుకుంటుంది. చివరి మానిటర్ బయటి అంచుకి వచ్చేసరికి అది 10 రెట్లు. అక్కడ నిలబడ్డ మనిషి పరుపు వెడల్పున కనిపించేది అందుకే. ఒకే కెమెరాతో ఎంత లాగినా 180 డిగ్రీలు చేరడం అసాధ్యం, ఎందుకంటే అక్కడికి ఆ గాజు పలక అనంతం దాకా పోవాలి.

మానిటర్లని గోడకి సమాంతరంగా ఒకే వరుసలో పెట్టి, సెట్టింగ్స్‌లో ఎఫ్‌ఓవీని కొలత ప్రకారం పెడితే, ఆ సాగిన బొమ్మ మీ కంటికి సరిగ్గానే కనిపిస్తుంది, అంచులని మీరూ ఏటవాలుగానే చూస్తారు కాబట్టి. కానీ ఎవరూ అలా పెట్టరు. పక్క మానిటర్లని తమ వైపు తిప్పుకుంటారు. అలా తిప్పిన మరుక్షణం ఒకే కెమెరా లెక్క తప్పిపోతుంది.

మరి సరైన పద్ధతి ఏది?

మానిటర్‌కి ఒక కెమెరా. నడిమి మానిటర్‌కి ముందు చూపు, ఎడమదానికి ఎడమకి తిరిగిన కెమెరా, కుడిదానికి కుడికి తిరిగినది. గేమ్ ప్లేయర్‌ని నాలుగు కొలతలు అడగాలి: మానిటర్ వెడల్పు, కంటికీ మానిటర్‌కీ దూరం, పక్క మానిటర్లు ఎన్ని డిగ్రీలు తిప్పారు, రెండు మానిటర్ల నడుమ ఉండే చట్రం, అంటే బెజెల్, మందం ఎంత. ఈ నాలుగూ ఉంటే మిగతాది మామూలు గణితం.

ఒక ఉదాహరణ చూడండి. 27 అంగుళాల 16:9 మానిటర్ దాదాపు 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. కళ్లు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఒక్క మానిటర్ సుమారు 53 డిగ్రీలు కప్పుతుంది. మూడింటినీ ఒకే వరుసలో చదునుగా పెడితే 113 డిగ్రీలు. అదే పక్కవాటిని కంటికి ఎదురుగా ఉండేలా తిప్పితే 159 డిగ్రీలు. అదే మానిటర్లు, అదే డబ్బు, తిప్పడం వల్లే ఇంత తేడా. రేసింగ్‌లో పక్కకి వచ్చిన కారు తలుపు దాకా వచ్చిందా, చక్రం దాకా వచ్చిందా అన్నది ఆ చివరి డిగ్రీల్లోనే తెలుస్తుంది. మలుపు లోపలి అంచు కూడా అంతే, తల తిప్పకుండా కంటి చివరతో చూసి స్టీరింగ్ తిప్పగలిగితే ఆ మలుపు మీద వచ్చే నమ్మకమే వేరు.

రేసింగ్ గేములు ఐరేసింగ్, అసెట్టో కోర్సా ఇలాంటి సెట్టింగ్స్ ఇస్తాయి. ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌ప్లేన్‌లో ఒక్కో మానిటర్‌కి ఒక్కో దృశ్యాన్ని గేమ్ లోపలే అమర్చుకోవచ్చు. హార్డ్‌వేర్ వైపు నుంచి చూస్తే, ఎన్‌విడియా 2016లో జీటీఎక్స్ 1080తో తెచ్చిన పాస్కల్ చిప్‌లలో, జ్యామితి పని ఒకేసారి చేసి 16 దాకా వేర్వేరు దృశ్యాలకి వాడుకునే సౌకర్యం వచ్చింది. అంటే మూడు కెమెరాలు కాబట్టి పనంతా మూడు రెట్లు అనే లెక్క అప్పటికే కొంత సడలింది.

పెర్ఫామెన్స్ పడిపోదా?

పడిపోతుంది. 1080పీ మానిటర్ ఒకటి అంటే దాదాపు 20.7 లక్షల పిక్సెళ్లు, మూడు అంటే 62 లక్షలు. 4కే మానిటర్‌లో 83 లక్షలు ఉంటాయి కాబట్టి మూడు 1080పీ మానిటర్లు 4కే కంటే తేలికే. మూడు 1440పీ అయితే కోటీ 10 లక్షలు, 4కే కంటే మూడో వంతు ఎక్కువ.

పిక్సెళ్లు కాక ఇంకో బరువు ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మామూలుగా కెమెరాకి కనపడని చెట్లనీ ఇళ్లనీ గేమ్ గీయకుండా వదిలేస్తుంది. చూపు వెడల్పయ్యేకొద్దీ వదిలేయడానికి వీలున్నవి తగ్గిపోతాయి, ప్రాసెసర్ మీద కూడా భారం పడుతుంది. అందుకే గ్రాఫిక్స్ కార్డ్ మంచిదైనా ఒక్కోసారి ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి గీసే ఫ్రేముల సంఖ్య, పెరగదు.

అయినా ఇది డెవలపర్ తల పట్టుకోవాల్సిన విషయం కాదు. మూడు మానిటర్లు కొన్న మనిషికి సెట్టింగ్స్ తగ్గించుకోవడం తెలుసు. పక్క స్క్రీన్లలో మాత్రం నాణ్యత తగ్గించే ఆప్షన్ ఇస్తే ఇంకా మంచిది, అక్కడ కంటి చూపు ఎలాగూ అంత పదునుగా ఉండదు.

హడ్ (ఆట మీద కనిపించే హెల్త్ బార్, తూటాల లెక్క లాంటివి) సంగతేంటి? కట్‌సీన్లు (ఆట మధ్యలో వచ్చే కథ సీన్లు)?

చెప్పాలంటే ఎక్కువ గేములు దెబ్బతినేది ఇక్కడే. దృశ్యం బాగానే పరుచుకుంటుంది, హెల్త్ బార్ మాత్రం ఎడమ మానిటర్ చివరి మూలకీ, తూటాల లెక్క కుడి మానిటర్ చివరి మూలకీ పోతుంది. పైన చెప్పిన 27 అంగుళాల మానిటర్లయితే ఆ రెండింటి మధ్య దూరం దాదాపు 1.8 మీటర్లు. ప్రాణం ఎంత మిగిలిందో చూడటానికి మెడ తిప్పాలి, తిప్పేలోపు ఆ ప్రాణం పోతుంది.

దీనికి పరిష్కారం చాలా తేలిక. హడ్ మొత్తాన్ని మధ్యలో ఒక 16:9 పెట్టెలో ఉంచండి, ఆ పెట్టె వెడల్పు పెంచుకోవడానికి ఒక స్లైడర్ ఇవ్వండి. టీవీల కోసం ‘సేఫ్ ఏరియా’ అని కన్సోల్ గేముల్లో ఎలాగూ చేస్తున్నారు, ఇది దాని పక్క ఇల్లే. మెనూలు, సబ్‌టైటిల్స్, లోడింగ్ స్క్రీన్లు కూడా ఆ పెట్టెలోనే ఉండాలి.

కట్‌సీన్ల విషయంలో నాకు పట్టుదల లేదు. ముందే వీడియోగా తీసి పెట్టుకున్నవి 16:9లోనే ఉంటాయి, వాటికి అటూ ఇటూ నల్ల పట్టీలు వేస్తే సరిపోతుంది. గేమ్ ఇంజిన్‌లోనే నడిచే కట్‌సీన్లలో ఇంకో ఇబ్బంది ఉంది: దర్శకుడు ఫ్రేమ్ బయట దాచిన పాత్రలు వెడల్పు స్క్రీన్‌లో కనపడిపోతాయి, చేతులు రెండూ చాచి కదలకుండా నిలబడి తమ వంతు కోసం ఎదురు చూస్తుంటాయి. ఏడుపు సీన్ పక్కన అలా ఒకడు కనపడితే ఆ సీన్ కోసం టీమ్ పడ్డ కష్టమంతా పోతుంది. అక్కడ నల్ల పట్టీలు పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఆట మొదలవగానే తీసేయండి, నేను అడిగేది అదొక్కటే.

టూడీ గేములు, పజిల్ గేములకి కూడా ఇదే మాట. లెవెల్ అంచు అవతల ఏమీ లేనప్పుడు, లేదా అవతల ఉన్నది ముందే కనపడితే పజిల్ పాడయ్యేటప్పుడు నల్ల పట్టీలు న్యాయమే.

ఆన్‌లైన్ పోటీ గేముల్లో వెడల్పు స్క్రీన్ ఉన్నవాళ్లకి లాభం వస్తుంది కదా, అది అన్యాయం కాదా?

ఇది నిజంగా బరువున్న అభ్యంతరం. పక్కనుంచి వచ్చే శత్రువు నాకు కనపడి నీకు కనపడకపోతే అది తేడానే. అంచుల్లో బొమ్మ సాగిపోయి ఉన్నా కదలిక మాత్రం తెలుస్తుంది. 240 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాడికి లాభం లేదా అని కొందరు వాదిస్తారు, ఆ పోలిక నాకు నచ్చదు. వేగంగా కనపడటం వేరు, అవతలివాడికి అసలు కనపడనిది కనపడటం వేరు.

కాబట్టి పోటీ గేముల్లో అడ్డం చూపుకి ఒక గరిష్ఠ హద్దు పెట్టడం సబబే. ఎలా పెడుతున్నారన్నదే ప్రశ్న. 2016లో ఓవర్‌వాచ్ 21:9 స్క్రీన్‌లో పైనా కిందా కోసేసి చూపించింది, అంటే పెద్ద మానిటర్ కొన్నవాళ్లకి మామూలు మానిటర్‌లో కనపడేదాని కంటే తక్కువ కనపడింది. అది శిక్షలా ఉంటుంది. హద్దు దాటిన చోట నల్ల పట్టీలు వేసి, లోపల అందరికీ సమానంగా చూపించడం మర్యాద.

ఇంకో సంగతి, పోటీ కోసం పెట్టిన హద్దుని ఒంటరిగా ఆడే భాగానికి కూడా తగిలించొద్దు. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ ఎంత గొప్ప గేమో చెప్పక్కర్లేదు, కానీ పీసీలో కూడా అది 16:9కే కట్టుబడి ఉంది. ఆ హద్దుని తీసేయడానికి మాడ్ (ప్లేయర్లు తయారుచేసే మార్పు ఫైల్) వాడాలంటే చీటింగ్‌ని ఆపే సాఫ్ట్‌వేర్‌ని పక్కన పెట్టి ఆఫ్‌లైన్‌లో ఆడాలి. స్క్రీన్ నిండా చూడాలా, స్నేహితుడితో కలిసి ఆడాలా అని ఎంచుకోవాల్సిన అవసరం ప్లేయర్‌కి రాకూడదు.

రెండో స్క్రీన్‌లో మ్యాప్ లాంటివి చూపించడం ఎవరికైనా పనికొచ్చిందా?

2007లో వచ్చిన సుప్రీం కమాండర్ చూడండి. రెండో మానిటర్‌లో యుద్ధభూమి మొత్తాన్ని ఇంకో కోణంలో చూపించేది, అక్కడినుంచే ఆజ్ఞలు కూడా ఇవ్వొచ్చు. ఒక స్క్రీన్‌లో ముందు వరుస ట్యాంకుల మీద కళ్లు పెట్టి, ఇంకో స్క్రీన్‌లో మొత్తం రంగం చూడటం అనేది ఆ గేమ్ ఆత్మకి సరిగ్గా సరిపోయింది. డీసీఎస్ వరల్డ్‌లో యుద్ధ విమానం లోపలి డిస్‌ప్లేలని వేరే మానిటర్‌కి పంపుకోవచ్చు, కాకపోతే లువా అనే భాషలో ఉండే సెట్టింగ్స్ ఫైల్‌లో కొలతలు చేత్తో రాసుకోవాలి. అయినా జనం రాసుకుంటున్నారు, చిన్న స్క్రీన్ చుట్టూ నిజమైన బటన్లు బిగించి కాక్‌పిట్‌లే కట్టుకుంటున్నారు.

ఇక చేతిలో పట్టుకునే వాటిలో 2004 నాటి నింటెండో డీఎస్, టీవీ ముందు 2012 నాటి వీ యూ, రెండు స్క్రీన్ల ఆటకి అర్థం ఉందని ఎప్పుడో చూపించాయి. మ్యాప్ ఎప్పుడూ కళ్ల ముందు ఉంటే ప్రతి నిమిషం ఆట ఆపి మెనూ తెరవాల్సిన పని లేదు.

కానీ దీన్ని అందరూ చేయాలని అనను. రెండో స్క్రీన్ లేనివాళ్లు నష్టపోకుండా డిజైన్ చేయాలి, ఇంటర్‌ఫేస్ రెండు రకాలుగా టెస్ట్ చేయాలి, పని ఎక్కువే. మ్యాప్, ఇన్వెంటరీ, చాట్ లాంటి ప్యానెల్స్‌ని విండో నుంచి బయటికి లాగి పెట్టుకునే వీలు ఇస్తే చాలు, మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో పరికరాల ప్యానెల్స్‌ని అలాగే విడదీసి పక్క మానిటర్‌లో పెట్టుకుంటారు.

ఇదేమైనా కొత్త కోరికా?

కాదు. 1993 నాటి డూమ్ తొలి వెర్షన్లలోనే మూడు కంప్యూటర్లని నెట్‌వర్క్‌తో కలిపి ఎడమ చూపు, ముందు చూపు, కుడి చూపు వేర్వేరు మానిటర్లలో చూసే వీలు ఉండేది, తర్వాత తీసేశారు. 2002లో మేట్రాక్స్ పార్హీలియా కార్డ్ మూడు మానిటర్ల గేమింగ్‌ని ప్రకటనల్లోనే పెట్టి అమ్మింది. 2009లో ఏఎండీ రేడియన్ హెచ్‌డీ 5000 సిరీస్‌తో ఐఫినిటీ అనే మల్టీ మానిటర్ సౌకర్యం వచ్చాక ఒక్క కార్డ్‌తో మూడు మానిటర్లు మామూలు విషయం అయింది. 2010లో అలాంటిదే ఎన్‌విడియా సరౌండ్ వచ్చినా మొదట్లో రెండు కార్డులు కావాల్సి వచ్చేది, 2012 నాటి జీటీఎక్స్ 680తో ఆ ఇబ్బంది కూడా పోయింది. కన్సోళ్లలో సైతం ఫోర్జా మోటార్‌స్పోర్ట్ 3, గ్రాన్ టురిస్మో 5 ఒక్కో టీవీకి ఒక్కో కన్సోల్ తగిలించి పక్క చూపు ఇచ్చాయి. రేసింగ్ మీద ప్రేమ ఉన్నవాళ్లు దానికి కూడా వెనకాడలేదు.

ఇప్పుడు అల్ట్రావైడ్, వీఆర్ ఉన్నాయి కదా, మూడు మానిటర్లు ఇంకా ఎందుకు?

అల్ట్రావైడ్ బాగుంటుంది, మధ్యలో చట్రాలు ఉండవు. కానీ 32:9 అంటే రెండు మానిటర్ల వెడల్పే, పైగా దాని వంపు కంపెనీ నిర్ణయించింది, మీరు తిప్పుకునేది కాదు. వీఆర్‌లో తల తిప్పిన వైపల్లా కనిపిస్తుంది, దానికి సాటి లేదు, అయితే రెండు గంటల రేసులో హెడ్‌సెట్ బరువు, చెమట, కొందరికి వాంతి వచ్చినట్టు ఉండటం, చేతి దగ్గర ఉన్న బటన్లు కనపడకపోవడం, ఇవన్నీ ఉంటాయి. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్ల ఇబ్బంది ఇంకో రకం. ఎవరి ఒంటికి ఏది పడితే అది వాడతారు.

రెండు మానిటర్ల మీద పరచడం మాత్రం ఎవరికీ సలహా ఇవ్వను. స్క్రీన్ సరిగ్గా మధ్యలో, గురి చుక్క ఉండే చోటే, రెండు చట్రాల నల్ల గీత పడుతుంది.

ఇంజిన్లు సాయం చేస్తాయా, అంతా మనమే రాసుకోవాలా?

చాలావరకు చేస్తాయి. యూనిటీలో అదనపు డిస్‌ప్లేలని కోడ్‌తో మేల్కొలిపి 8 దాకా వాడొచ్చు, ఒక్కో కెమెరాకి ఒక్కో డిస్‌ప్లే అప్పగించొచ్చు. అన్‌రియల్‌లో ఎన్‌డిస్‌ప్లే అని ఉంది, సినిమా షూటింగుల్లో పెద్ద పెద్ద ఎల్‌ఈడీ గోడల కోసం వాడేది అదే, చిన్న గేమ్‌కి కాస్త బరువు. గోడోట్ 4లో విడి విండోలు తెరవడం తేలిక. లినక్స్‌లో వేల్యాండ్ (విండోలని స్క్రీన్ మీద చూపించే వ్యవస్థ) మీద నడిచేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: విండో తనంతట తాను స్క్రీన్ మీద ఫలానా చోటికి పోవడానికి అక్కడ ఒప్పుకోరు, ఫలానా మానిటర్‌లో ఫుల్‌స్క్రీన్ కావాలని అడగడం వరకే.

మా దగ్గర మూడు మానిటర్లు లేవు. టెస్ట్ ఎలా చేయాలి?

మొదటి దశకి అవసరం లేదు. మూడు 1080పీ మానిటర్లు కలిస్తే 5760×1080. దాన్ని మూడో వంతుకి కుదిస్తే 1920×360. మీ గేమ్‌ని ఆ కొలతలో విండోగా తెరవండి. ఆకారం అదే కాబట్టి హడ్ ఎక్కడికి పోయింది, మెనూ పైనా కిందా తెగిపోయిందా, ఎఫ్‌ఓవీ పక్కలకి పెరిగిందా లేక పైనా కిందా కోసుకుపోయిందా అన్నవన్నీ అయిదు నిమిషాల్లో కనపడతాయి. నేను పని చేసిన ఒక చిన్న టీమ్‌లో ఇలా తెరిచి చూస్తే మా ‘కొనసాగించు’ బటన్ స్క్రీన్ కింద అంచు దాటి కనపడకుండా పోయింది, మొదటి మెనూలోనే. అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఇంటర్‌ఫేస్ సైజుని స్క్రీన్ వెడల్పుతో లెక్కేశాం, ఎత్తుతో వేయాలి. మార్చింది ఒక్క లైన్.

కర్సర్, మానిటర్ ఎంపిక, మినిమైజ్ లాంటివి చూడటానికి రెండో మానిటర్ ఒకటి ఉంటే చాలు, పాత టీవీ తగిలించినా సరే. కెమెరాకి ఒక మానిటర్ లెక్కన గీసే పని పెట్టుకుంటే మాత్రం నిజంగా మూడు మానిటర్లు పెట్టుకున్న ప్లేయర్ల చేత ఆడించి చూడాల్సిందే. ఆ గుంపులో మనుషులు సొంత సమయం పెట్టి కొలతలు తీసి, ఫొటోలు పంపి మరీ సాయం చేస్తారు.

ప్లేయర్‌గా నేను డెవలపర్‌కి ఎలా చెప్తే వింటారు?

‘మల్టీ మానిటర్ సపోర్ట్ లేదు, చెత్త గేమ్’ అని రివ్యూ పెడితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. పైన చెప్పిన మూడు రకాల్లో మీ సమస్య ఏదో ముందు రాయండి. మానిటర్లు ఎన్ని, ఒక్కోదాని రిజల్యూషన్, రిఫ్రెష్ రేట్, స్కేలింగ్ శాతం, ఏది మెయిన్, గేమ్ ఏ మోడ్‌లో ఉంది, ఇవి రాయండి. పీసీగేమింగ్‌వికీలో చాలా గేములకి మల్టీ మానిటర్, అల్ట్రావైడ్ వివరాలు ఉంటాయి, మీ గేమ్ పేజీ ఒకసారి చూస్తే మార్గం ముందే దొరకొచ్చు. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు గేమ్ విండో ఒక్కటే కాకుండా డెస్క్‌టాప్ మొత్తం తీయండి. కర్సర్ జారిపోయే సమస్య అయితే స్క్రీన్‌షాట్‌లో తెలియదు, పది సెకన్ల వీడియో పెట్టండి, ఆల్ట్ ట్యాబ్ కొట్టక ముందు ఒకసారి, కొట్టి తిరిగొచ్చాక ఒకసారి.